యుద్ధనౌక నమూనాకు కచ్చితమైన వివరాలు ఎలా సేకరించాలి?

ఏ నౌకో తేల్చుకుంటే సరిపోదు, ఏ నెల నాటి రూపమో కూడా ముందే నిర్ణయించుకోవాలి. మరమ్మతులకు రేవు చేరిన ప్రతిసారీ రాడార్లు, విమాన విధ్వంసక తుపాకులు, రంగులు మారుతూ ఉంటాయి. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌నే చూడండి: బాల్టిక్ నుంచి బయలుదేరినప్పుడు దాని పక్కల మీద ఉన్న నలుపు తెలుపు చారలను 1941 మే 21న నార్వే తీరంలో ఆగినప్పుడు బూడిద రంగుతో కప్పేశారు. కాబట్టి ఆ చారలతో నమూనా చేసి, మే 24 నాటి డెన్మార్క్ జలసంధి పోరులోని రూపమని చెబితే అది పొరపాటే.

నిర్మాణ పటాల కోసం బ్రిటిష్ నౌకలకైతే గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం, అమెరికన్ నౌకలకైతే ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్ ముఖ్యమైన ఆధారాలు. అయితే పటంలో గీసినదంతా నౌకపై అలాగే ఉందనుకోకుండా, తేదీ రూఢిగా తెలిసిన ఫొటోతో తప్పక సరిచూడాలి.

రంగుల విషయంలో మాత్రం ఫొటోలను అతిగా నమ్మడం మంచిది కాదు. పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌పై (ఎరుపు కాంతికి స్పందించని నలుపు తెలుపు ఫిల్మ్) ఎరుపు దాదాపు నల్లగా, నీలం బాగా లేతగా పడుతుంది కనుక, నాటి నౌకాదళం రంగులపై జారీ చేసిన ఉత్తర్వులనే నేను ముందు చూస్తాను.

1/350 కొలతలో, అంటే అసలు నౌకలో 350వ వంతుగా చేసే నమూనాలో, 35 సెంటీమీటర్ల వస్తువు 1 మిల్లీమీటరే అవుతుంది; అంతకన్నా చిన్నవాటి కోసం వెతుకులాట అక్కర్లేదు.