పిల్లాడి ఆటకు పోయిన డబ్బు: ఎంత వెనక్కొస్తుంది, ఇకపై ఎంతివ్వాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 58,000 రూపాయలు చేతికొస్తాయి. పదో తరగతి చదివే మా బాబు నా ఫోన్లో తుపాకుల ఆట ఆడుతూ ఐదు వారాల్లో 24,600 రూపాయలు అందులో కొనుగోళ్లకు పెట్టేశాడు. యూపీఐ పిన్ వాడికి తెలుసు. అడిగితే, ‘డబ్బులు పెట్టినవాళ్ల తుపాకులకే బలం ఎక్కువ, కొనకపోతే రోజూ ఓడిపోవడమే’ అంటున్నాడు. పోయినదాంట్లో 10,000 ఈ నెల చీటీకి పెట్టుకున్నది. డబ్బు తిరిగొస్తుందా? వాడు చెప్పేది నిజమేనా? నెలకింత అని ఇవ్వడం మంచిదా?

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ గంటలు లెక్క.

మీ యూపీఐ యాప్‌లో ఆ ఐదు వారాల చెల్లింపులు తెరిచి, డబ్బు ఎవరి పేరు మీదికి వెళ్లిందో చూడండి. గూగుల్ ప్లేకు వెళ్లినవి ఒక కాగితం మీద, మిగతావి ఇంకో కాగితం మీద రాయండి. ఈ రెండిటికీ దారులు వేరు.

గూగుల్ ప్లేలో కొన్న ప్రతిదానికీ జీపీఏ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరుతో రశీదు మీ ఈమెయిల్‌కు వచ్చి ఉంటుంది. 48 గంటలు దాటని కొనుగోళ్లకు గూగుల్ ప్లే వెబ్‌సైట్‌లో ఆర్డర్ల చరిత్ర తెరిచి, ఒక్కొక్క ఆర్డర్ మీదా విడిగా రిఫండ్ అడగండి. కారణం అడిగినచోట ‘కుటుంబ సభ్యుడు నా అనుమతి లేకుండా కొన్నాడు’ అన్న అర్థం వచ్చేదాన్ని ఎంచుకోండి. 48 గంటలు దాటినవాటికి ఆట తయారుచేసిన కంపెనీకి రాయాలి. ఆటలోని ప్లేయర్ ఐడీ, ఆర్డర్ నంబర్లు, తేదీలు, మొత్తాలు, అబ్బాయి వయసు, అన్నీ ఒకే ఉత్తరంలో పెట్టండి. జవాబు వచ్చేదాకా మిగిలిన డైమండ్లో, నాణేలో (డబ్బు పెట్టి కొని ఆటలో ఖర్చుచేసేవి) ఖర్చు చేయొద్దని వాడికి గట్టిగా చెప్పండి. వాడేసిన వస్తువుకు డబ్బు వెనక్కిచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది.

పాత కొనుగోళ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఖాతా వివరాలు ఇంకొకరికి ఇచ్చినా, ధ్రువీకరణ పెట్టుకోకపోయినా సాధారణంగా రిఫండ్ ఇవ్వలేమని గూగుల్ నిబంధనల్లోనే ఉంది. 120 రోజుల గడువు గురించి ఎవరైనా చెబితే, అది మీకు తెలియని వ్యక్తి చేసిన చెల్లింపులకు మాత్రమే. బ్యాంకుకు వెళ్లి ‘ఎవరో మోసం చేశారు’ అని రాయడం అస్సలు వద్దు. మూడు పని దినాల్లోగా చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదన్న రిజర్వు బ్యాంకు 2017 నియమం బయటివాళ్లు చేసిన మోసాల కోసం వచ్చింది. ఇంట్లో తెలిసిన పిన్‌తో జరిగినదానికి వర్తించదు. పైగా అలా వెనక్కి లాక్కుంటే ఆట ఖాతా మూతపడొచ్చు.

రెండో కాగితంలో ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్‌లలో ‘సగం ధరకే డైమండ్లు’ అమ్మేవాళ్ల పేర్లు కనిపిస్తే అది వేరే ప్రమాదం. అలాంటి డైమండ్లు చాలాసార్లు దొంగిలించిన కార్డులతో కొన్నవి. అసలు కార్డుదారు ఫిర్యాదు చేయగానే ఆటలోని నిల్వ మైనస్‌లోకి పోతుంది, ఖాతా నిలిచిపోతుంది. డబ్బు తీసుకుని ఏమీ ఇవ్వకపోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఈ రాత్రే యూపీఐ పిన్ మార్చండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు, కానీ యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అడగనే అడగదు, కాబట్టి దాన్ని ఖాళీ చేసి ఆపేయండి. యాప్‌లోని ఆటోపే (గడువు రాగానే దానంతటదే డబ్బు కట్టే ఏర్పాటు) విభాగంలో ఆటకు సంబంధించిన వారం సభ్యత్వాలో, నెల సభ్యత్వాలో ఉంటే రద్దు చేయండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలు ధ్రువీకరణను ప్రతి కొనుగోలుకూ అడిగేలా పెట్టి, వాడి వేలిముద్ర ఆ ఫోన్లో ఉంటే తీసేయండి. ప్లే స్టోర్‌లో నెల బడ్జెట్ పెట్టుకునే వీలుంది గానీ, అది హద్దు దాటుతున్నారని చెబుతుందే తప్ప కొనుగోలును ఆపదు.

ఇక మీ అబ్బాయి మాట. ఆట పేరు మీరు రాయలేదు, జవాబు దాన్నిబట్టే ఉంటుంది. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో కొనే దుస్తులు, తుపాకీ రంగులు ప్రధానంగా చూపుకోసమే. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో అలా కాదు: కొన్ని తుపాకీ స్కిన్లు (తుపాకీకి తొడిగే కొత్త రూపాలు) దెబ్బ బలాన్నో, కాల్చే వేగాన్నో కాస్త పెంచి, గుళ్ల సంఖ్య లాంటిది ఇంకొకటి తగ్గిస్తాయి. క్లాష్ రాయల్‌లో కార్డుల స్థాయిని డబ్బుతో త్వరగా పెంచుకోవచ్చు. కాబట్టి వాడు అబద్ధమాడుతున్నాడని తేల్చేయకండి. పక్కన కూర్చుని, కొన్న స్కిన్ మీద నొక్కి వివరాలు చూపించమనండి. దెబ్బ, వేగం, దూరం లాంటి గుణాలు కనిపిస్తే వాడి మాటలో నిజం ఉన్నట్టే. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో అయితే కస్టమ్ రూమ్ (మన నియమాలు మనమే పెట్టుకునే విడి ఆట) పెట్టి తుపాకీ గుణాలను ఆపేసి స్నేహితులతో ఆడొచ్చు. అక్కడా అలాగే ఓడిపోతుంటే ఓటమికి కారణం డబ్బు కాదు.

ఓడినప్పుడే కొనాలనిపించడం వాడి బలహీనత అని మాత్రం అనుకోకండి. వస్తువులు కొన్న మంచి ఆటగాడికి ఎదురుగా కొత్తవాణ్ని జతచేసి కొనుగోళ్లు పెంచే పద్ధతికి యాక్టివిజన్ అనే ఆటల కంపెనీ 2017లో అమెరికాలో పేటెంటే పొందింది. ఆటల్లో వాడలేదని ఆ కంపెనీ చెప్పింది. అయినా ఆలోచన ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది, పదిహేనేళ్ల పిల్లాడి ముందు ఇంత ఏర్పాటు పెట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

24,600లో ఎక్కువ భాగం ‘స్పిన్’లకే (డబ్బు పెట్టి తిప్పితే అదృష్టం కొద్దీ ఏదో ఒక వస్తువు వచ్చేవి) పోయి ఉంటుందని నా అనుమానం. వాడితో కలిసి ఈ లెక్క వేయండి. ఒక స్పిన్ 60 రూపాయలు, కోరిన వస్తువు వచ్చే అవకాశం 1 శాతం అనుకుందాం. 100 స్పిన్లకు 6,000 అవుతుంది. అంత పెట్టినా నూటికి 37 మందికి ఆ వస్తువు రాదు. నూటికి 90 మందికి రావాలంటే ఒక్కొక్కరూ 230 స్పిన్ల దాకా, అంటే 13,800 రూపాయల దాకా సిద్ధపడాలి. ‘ఇన్నిసార్లు రాలేదు కాబట్టి ఈసారి వస్తుంది’ అన్నది తప్పు, ఎందుకంటే గత స్పిన్లు తర్వాతిదాన్ని మార్చవు. కొన్ని ఆటల్లో ఇన్ని స్పిన్లకు తప్పక వస్తుందని హామీ ఉంటుంది. అప్పుడు ఆ సంఖ్యను స్పిన్ ధరతో గుణించండి, దాన్నే ఆ వస్తువు ధరగా వాడు చూడాలి. అవకాశాల శాతం చూపించాలని యాపిల్ 2017 నుంచి, గూగుల్ 2019 నుంచి నియమం పెట్టాయి. స్పిన్ తెరమీద చిన్న ప్రశ్నార్థకమో, ‘ఐ’ గుర్తో నొక్కితే అది దొరుకుతుంది.

బెల్జియం 2018లోనే స్పిన్‌ల లాగే ఏమొస్తుందో ముందే తెలియకుండా డబ్బుకు అమ్మే పెట్టెలను (లూట్ బాక్స్‌లను) జూదంగా లెక్కగట్టింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల మీద. మీ ఫిర్యాదుకు అది ఆధారం కాదు. అయితే ‘ఇంకో పది నిమిషాలే’ అంటూ లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లను మభ్యపెట్టే తెర ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుబడుతున్నాయి. అలాంటి తెర కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో చెప్పండి.

నెలకింత అని ఇవ్వండి. పూర్తిగా ఆపితే సగం ధర అమ్మేవాళ్ల దగ్గరికి, స్నేహితుల అప్పులకు పోయే అవకాశం ఎక్కువ. మీ ఆదాయానికి నెలకు 300 చాలు. దాన్ని గూగుల్ ప్లే రీచార్జి కోడ్‌గా కొనివ్వండి, ప్లే స్టోర్‌లోంచి యూపీఐ, కార్డులు తీసేయండి. కోడ్ అయిపోతే ఆ నెలకు అయిపోయినట్టే. షరతు ఒక్కటే: ధర ముందే తెలిసినవి కొనాలి, స్పిన్లు వద్దు. సీజన్ పాస్ (ఆ సీజన్‌లో స్థాయిలు దాటేకొద్దీ బహుమతులిచ్చే టికెట్) కావాలంటే సీజన్ చివర్లో కొనమనండి. బీజీఎంఐ లాంటి ఆటల్లో అప్పటిదాకా చేరిన స్థాయిల బహుమతులన్నీ కొన్నాక కూడా అందుతాయి, ఆడడం మధ్యలో మానేస్తే డబ్బు మిగులుతుంది. ఖాతాను తర్వాత అమ్ముకోవచ్చనే మాట నమ్మొద్దు. చాలా ఆటల నిబంధనలు దానికి ఒప్పుకోవు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను (మ్యాక్స్ కాని దాన్ని) మన దేశంలో నిషేధించినట్టు ఆటే ఒకరోజు స్టోర్ నుంచి పోవచ్చు కూడా.

ఈ నెల చీటీ వాయిదా మాత్రం తప్పించకండి. వాయిదా తప్పితే ఆ నెల డివిడెండ్ పోతుంది, పైన వడ్డీ పడుతుంది. ఆ 10,000 కోసం క్రెడిట్ కార్డో, లోన్ యాపో కాకుండా, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దానిమీద బ్యాంకు ఇచ్చే అప్పు తీసుకోండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన మాత్రమే పడుతుంది. మిగతా 14,600 తిరిగి రాకపోతే, నెలకు 1,220 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ కడితే పూడుతుంది. రిఫండ్ ఏదైనా వస్తే మొదట ఆ అప్పులో జమ చేయండి.