హైడ్ పార్కులో గుర్రమెక్కబోయే మేనకోడలికి

చిన్నీ,

ఆఫీసు పని మీద లండన్ వెళ్ళినదానివి మ్యూజియంలు చూసుకుని, చాక్లెట్లు కొనుక్కుని వస్తావనుకుంటే, హైడ్ పార్కులో గుర్రం ఎక్కడానికి స్లాట్ బుక్ చేశావట! మీ అమ్మ నిన్న ఫోన్ చేసి "మీ మేనకోడలికి మీ పిచ్చే పట్టింది" అని నన్నే తిట్టింది. పెట్టేశాక నాకు ఒకటే నవ్వు. కోడిపుంజు ఎదురొస్తే నా చీర కుచ్చిళ్ళలో దాక్కున్న పిల్లవి కదే నువ్వు! రాత్రి మాత్రం మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టలేదు. నీ సంగతి విని మీ నాన్న ఒక్క మాటా అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడట. అదెందుకో నాకు తెలుసు. చెప్తాను.

ముందు చిన్నచిన్నవి. నీ బరువు, ఎత్తు, అనుభవం అడిగి ఉంటారు. బరువు ఉన్నది ఉన్నట్టు చెప్పు, దాన్ని బట్టే గుర్రాన్ని ఇస్తారు. అనుభవం ఏమీ లేదని చెప్పు. ఊటీలో గుర్రమతను పగ్గం పట్టుకుని నడిపించాడే, అది అనుభవం కిందకి రాదు. ఇంగ్లండ్‌లో స్వారీ నేర్పే లాయానికి లోకల్ కౌన్సిల్ లైసెన్సు ఉండాలి, నువ్వు బుక్ చేసినదానికి ఉందో లేదో చూసుకో. హెల్మెట్ వాళ్ళిస్తారు. జడ కిందకి అల్లుకో, కొప్పు పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. చున్నీ, స్కార్ఫ్, వేలాడే రింగులు వద్దు. జీన్స్ కంటే సాగే ప్యాంటు నయం, జీన్స్ కుట్లు తొడల్ని గీరేస్తాయి.

ఇప్పుడు కాళ్ళకి ఏం వేసుకుంటావో చెప్పు.

నువ్వు పట్టుకెళ్ళినవి మెత్తటి స్పోర్ట్స్ షూసే అని నాకు తెలుసు. అవి వద్దు. చీలమండ కప్పే బూటు కావాలి. అడుగు గట్టిగా, నున్నగా ఉండాలి, వెనక చిన్న మడమ ఉండాలి. లాయంలో ఇస్తారేమో ఇవాళే మెయిల్ పెట్టి కనుక్కో. లేకపోతే కొను, డబ్బులు నేను పంపిస్తాను. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

మీ నాన్న కుడి మోచేతి నుంచి భుజం దాకా మచ్చ ఉంది కదా, స్కూటర్ మీంచి పడ్డానని మీ అందరికీ చెప్తుంటాడు. స్కూటర్ కాదు, గుర్రం. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు ఎన్.సి.సి. గుర్రాల యూనిట్‌లో చేరాను. ఆడపిల్ల గుర్రమెక్కితే సంబంధాలొస్తాయా అని మీ తాతయ్యకి సలహా చెప్పని చుట్టం లేడు. సెలవులకి ఇంటికొచ్చి స్వారీ కబుర్లు చెప్తుంటే మీ నాన్నకి ఒళ్ళు మండిపోయేది. అప్పుడు వాడు ఇంటర్. ఆ ఎండాకాలం ఒక పెళ్ళికని విశాఖపట్నం వెళ్ళాం, సాయంత్రం బీచ్‌లో గుర్రాలు కనబడ్డాయి. ఇంక ఆగుతాడా? కాళ్ళకి హవాయి చెప్పులు. అందులోనూ ఒకదానికి ముందురోజే పట్టీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు. "వీటితో ఎక్కకురా" అన్నాను. "నువ్వేమైనా ఝాన్సీరాణివా" అన్నాడు.

మడమ లేని చెప్పు కదా, జీను పక్కన కాలు పెట్టుకునే ఇనప రింగు, అదే రికాబు, అందులోకి పాదం జారి చీలమండ దాకా దూరిపోయింది. వాడు చూసుకోలేదు. మా పెదనాన్నగారబ్బాయి కెమెరా ఎత్తాడు. ఫోటో బాగా రావాలని మీ నాన్న పగ్గాలు వదిలేసి రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే మొక్కజొన్న పొత్తుల బండి మీది పాలిథీన్ పట్టా గాలికి లేచి టపటపలాడింది. గుర్రం ఎడమపక్కకి గెంతింది. వీడు కుడివైపు పడ్డాడు. కాలు మాత్రం రికాబులోనే ఉండిపోయింది.

పక్కన ఏదో వేలాడుతూ తనతో పాటే వస్తుంటే గుర్రానికి బెదురు ఇంకా పెరుగుతుంది. దాన్నుంచి తప్పించుకోవాలనే పరుగెడుతుంది. జనం కేకలు వేస్తూ వెంటపడ్డారు. "పరిగెత్తకండి, అది ఆగదు" అని నేను గొంతు చించుకున్నాను. ఎవరు వింటారు? వాడి తల ఇసకలో ఎగిరెగిరి పడుతోంది. ఎంతదూరం లాక్కెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి ఆ పిన్నీసు విడిపోయింది. చెప్పు రికాబులో, మీ నాన్న ఇసకలో. మంచి చెప్పులు వేసుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. గుర్రమతను భయపడిపోయి గుర్రాన్ని కొట్టబోతే అడ్డం పడ్డాను. దాని తప్పేముంది? మీ నాయనమ్మకి స్కూటర్ కథ చెప్పింది మేమిద్దరమే. మీ నాన్న ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు.

కాబట్టి అమ్మడూ, ఎక్కగానే ముందు నీ కాళ్ళు చూసుకో. పాదం ముందు భాగమే రికాబు మీద ఆనాలి, మడమ కిందకి దిగాలి. సేఫ్టీ రికాబులని ఉంటాయి, ఒక పక్క రబ్బరు బ్యాండు ఉంటుంది, కాలు లాగితే ఊడిపోతుంది. అవి ఉన్నాయా అని అడుగు. అడిగితే పల్లెటూరిదాన్ని అనుకుంటారని మొహమాటపడకు. ఇంకోటి, ఫోన్ జేబులో ఉండాలి, జిప్పు వేసి ఉండాలి. ఫోటోలు దిగాక తీసుకో.

నన్ను భయపెడుతున్నది పార్కు కాదు, పార్కు దాకా ఉన్న రోడ్డు. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నీ లాయం పార్కుకి ఉత్తరాన బేస్‌వాటర్ సందుల్లో ఉంది. అక్కణ్ణుంచి బస్సుల పక్కనే నడిపించుకుంటూ వెళ్తారు. గుర్రాన్ని దాటేటప్పుడు బండి గంటకి 10 మైళ్ళ లోపు ఉండాలని, కనీసం 2 మీటర్లు ఎడం ఇవ్వాలని 2022లో వాళ్ళ హైవే కోడ్‌లో, అంటే రోడ్డు నియమాల పుస్తకంలో, రాశారు. చాలామంది పాటిస్తారు కూడా. అలా నెమ్మదించినవాళ్ళకి తల ఊపి థ్యాంక్స్ చెప్పు, చెయ్యి మాత్రం పగ్గం మీంచి తియ్యకు. కానీ 2024 ఏప్రిల్‌లో ఏమైందో చూశావు కదా. రాజుగారి అశ్వదళం గుర్రాలు, రోజూ అవే వీధుల్లో తిరిగేవి, కడుతున్న బిల్డింగు దగ్గర పైనుంచి శిథిలాలు పడిన చప్పుడుకి బెదిరి సైనికుల్నే కింద పడేశాయి. ఒంటినిండా రక్తంతో తెల్లగుర్రం లండన్ రోడ్ల మీద పరుగెత్తడం టీవీలో చూసి నేను ఆ రోజు అన్నం తినలేదు. అంత ట్రైనింగు ఉన్నవే అలా చేశాయంటే, గుర్రం పుట్టుక అది. ప్రమాదం అనిపిస్తే ముందు పారిపోతుంది, తర్వాతే ఆలోచిస్తుంది. నీ పని దానికంటే ముందు బెదరకుండా ఉండటం. ఊపిరి బిగబట్టావంటే నీ కింద దానికి తెలిసిపోతుంది. మాట్లాడుతూ ఉండు. తెలుగులోనే మాట్లాడు, దానికేం ఫరవాలేదు.

కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి దాదాపు చుట్టూ కనబడుతుంది, సరిగ్గా వెనక మాత్రం కనబడదు. అందుకే వెనకనుంచి వెళ్ళకు, పలకరిస్తూ భుజం వైపు నుంచి వెళ్ళు. చెవులు ముందుకు ఉంటే ఏదో చూస్తోందని. వెనక్కి అణిచి పెట్టిందంటే కోపంగా ఉందని, దూరం జరుగు. పగ్గాలు కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో, ఎగిరిపోకూడదు, నలగకూడదు. కళ్ళెం ఉండేది దాని నోట్లో. నువ్వు గుంజితే నొప్పి దానికి.

పార్కు దక్షిణాన రాటెన్ రో అని ఇసక దారి ఉంటుంది. మూడో విలియం రాజు కెన్సింగ్టన్ ప్యాలెస్‌కి మారాక, దారిదొంగల భయానికి 1690 ప్రాంతంలో దాని పొడుగునా 300 నూనె దీపాలు పెట్టించాడు. రాజుకే భయం వేసిన దారిలో నీకు గుండె దడదడలాడితే సిగ్గేమీ లేదు. అశ్వదళం బ్యారక్స్ ఆ పక్కనే, పొద్దున పూటయితే వాళ్ళు ఎదురుపడొచ్చు. అందరూ ట్రాట్, అంటే చిన్న పరుగు, చేద్దామంటే "నేను నడకే" అని చెప్పు. అంతకంటే జోరుగా వెళ్ళే కాంటర్ మాట అసలు ఎత్తకు.

నాకు కుళ్ళుగా ఉందని కూడా చెప్పాలి. మాకు స్వారీకి ముందు గుర్రానికి మాలీష్, అంటే ఒళ్ళు తోమి శుభ్రం చెయ్యడం, చెయ్యాల్సి వచ్చేది. కాలి వెనక నరం దగ్గర మెల్లిగా నొక్కితే గుర్రం తనే కాలెత్తి నా చేతిలో పెట్టేది. లాడం సందుల్లో ఇరుక్కున్న మట్టీ, రాళ్ళూ గీకి తీసేదాన్ని. అంత పెద్ద జంతువు నమ్మి కాలు చేతిలో పెడితే, ఆ రోజుల్లో నాకు ఏ చుట్టం మాటా పట్టేది కాదు. మీ లాయంలో ఒప్పుకుంటే ఒక్కసారి చేసి చూడు. ఆపిల్ ముక్క పెట్టాలనుకుంటే ముందు అడుగు, అరచెయ్యి చదునుగా చాపి పెట్టు, బొటనవేలు లోపలికి.

స్లాట్ ఆదివారం అన్నారు. కుదిరితే శనివారానికి మార్చుకో. మర్నాడు తొడలు పట్టేసి ట్యూబ్ స్టేషన్ మెట్లు దిగలేవు, సోమవారం మీటింగులో కుర్చీలోంచి లేవలేవు. వేణ్ణీళ్ళ స్నానం చెయ్యి. బూట్లు దొరికాక ఫోటో పెట్టు, మడమ చూడాలి.

అత్త