ఫ్లైట్ రివ్యూకి వెళ్లే ముందు

నాన్నా,

నెలాఖరుకి నీ ఫ్లైట్ రివ్యూ (పైలట్లు రెండేళ్లకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో చేయించుకోవాల్సిన సమీక్ష) గడువు అయిపోతోందని, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. ముందు తేదీ సంగతి చూద్దాం. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్క 24 క్యాలెండర్ నెలలు, అంటే ఆఖరి నెల చివరి రోజు దాకా. 2024 జూన్ 10న చేయించుకున్నవాడికి 2026 జూన్ 30 దాకా చెల్లుతుంది. అది దాటితే పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగిరే హక్కు ఉండదు. ఇన్‌స్ట్రక్టర్ వేరే ఎయిర్‌పోర్టులో ఉంటే, విమానాన్ని నువ్వొక్కడివే అక్కడిదాకా తీసుకెళ్లడం కూడా కుదరదు. అందుకే ఆఖరి వారం దాకా ఆగకు. ఒక్క రోజు మబ్బు దిగినా, గాలి లేచినా అనుకున్నదంతా తారుమారవుతుంది.

ఇక టెన్షన్ మాట. ఇది చెక్‌రైడ్ (లైసెన్స్ పరీక్ష) కాదురా, శిక్షణ. రూల్ ప్రకారం కనీసం గంట గ్రౌండ్ (నేల మీద పాఠం), గంట ఫ్లైట్ ఉండాలి. గాల్లో ఏమేం చేయించాలో ఇన్‌స్ట్రక్టర్ ఇష్టం. ఆయనకి తృప్తిగా ఉంటే లాగ్‌బుక్‌లో రివ్యూ అయిందని ఎండార్స్‌మెంట్ రాస్తాడు. ఇంకొంచెం పదును పెట్టాలనిపిస్తే ఆ పూట ఎగిరింది మామూలు డ్యూయల్‌గా (ఇన్‌స్ట్రక్టర్‌తో చేసిన శిక్షణగా) రాసి మళ్లీ రమ్మంటాడు. ఫెయిల్ అన్న మాట ఎక్కడా రాయరు. గంటతోనే అయిపోవాలని పట్టుపట్టకు. రెండో రోజు కావాలంటే సంతోషంగా వెళ్లు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, నీకు ఏది రాదో దాన్ని దాచుకోకు. ఈ రాత్రి కూర్చుని లాగ్‌బుక్‌లో గత రెండేళ్ల పేజీలు తిరగెయ్. అన్నీ గాలి లేని ఉదయాలేనా? ఎప్పుడూ అదే రన్‌వేనా? చివరిసారి గో అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) ఎప్పుడు చేశావు? ఆ పేజీల్లో కనబడనివన్నీ కాగితం మీద రాసి, ముందు రోజే ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేసి చెప్పు. "క్రాస్‌విండ్ (రన్‌వేకి అడ్డంగా వీచే గాలి) అంటే భయంగా ఉందండీ" అన్నావనుకో, ఆయన నిన్ను తక్కువగా చూడడు. ఆ గంటని దేనికి వాడాలో ఆయనకి తెలుస్తుంది.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. ఒక రివ్యూలో నా పాత సెస్నా 172ఎన్‌లో మూడు వేల అడుగుల ఎత్తులో ఉండగా ఇన్‌స్ట్రక్టర్, ఇంజిన్ ఆగిపోయినట్టు అనుకోమని, థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగేశారు. ఇంజిన్ చప్పుడు తగ్గింది, చేతిలోని కంట్రోల్ చక్రం బరువెక్కింది. నేను దూరంగా ఎదురుగా కనబడుతున్న ఒక పొలం మీదే కళ్లు పెట్టాను. స్పీడ్ 80 నాట్ల దగ్గరే ఉండిపోయింది. ఆ విమానానికి గ్లైడ్ స్పీడ్ (ఇంజిన్ లేకుండా జారుతూ ఎక్కువ దూరం వెళ్లే వేగం) 65. స్పీడ్‌ని నిలబెట్టే ట్రిమ్ ముట్టుకోలేదు, కార్బ్యురేటర్‌లో మంచు కట్టకుండా చేసే కార్బ్ హీట్ లాగలేదు. ఎడమ రెక్క కిందే కోత కోసిన చదునైన పొలం ఉంది, అటు చూడనే లేదు. వెయ్యి అడుగుల దగ్గర పవర్ తిరిగి ఇచ్చి, ఆయన ఆ పొలాన్ని వేలితో చూపించారు. నా అరచేతులు తడిసిపోయాయి. ఆ పూటే ఇంకో మూడుసార్లు చేయించారు. మూడోసారికి చేయి తనంతట తానే ట్రిమ్ మీదికి వెళ్లింది. ముందు స్పీడ్, తర్వాత పొలం, ఆ తర్వాతే ఫ్యూయల్ సెలెక్టర్, మిక్స్చర్, మ్యాగ్నెటోలు. నువ్వు కూడా నోటితో బయటికి చెప్పుకుంటూ చెయ్.

స్టాల్స్ (రెక్కలు లిఫ్ట్ కోల్పోవడం) కూడా అడిగి చేయించుకో. పద్ధతిగా ముక్కు పైకెత్తి చేసేవి ఒక్కటే కాదు, బేస్ నుంచి ఫైనల్‌కి (రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి దారికి) తిరిగేటప్పుడు వచ్చేది కూడా, తగినంత ఎత్తులో. రన్‌వే దాటిపోతున్నామని రడ్డర్ తన్ని, ముక్కు పడిపోతోందని చక్రం వెనక్కి లాగితే విమానం ఒక పక్కకి ఎలా ఒరుగుతుందో చూపించమను. నేల దగ్గర దాన్ని సరిచేసేంత ఎత్తు ఉండదు. అలాంటప్పుడు టర్న్ బిగించడం మాని గో అరౌండ్ చేసేయడం అలవాటు చేసుకో.

గ్రౌండ్ గంట గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, నువ్వు చదివేవాడివే. ఎగిరే నియమాలుండే పార్ట్ 91 ఒకసారి తిరగెయ్. వీఎఫ్ఆర్‌లో (కళ్లతో చూస్తూ ఎగిరే నియమాల్లో) గమ్యం చేరాక పగలు 30 నిమిషాలకి, రాత్రి 45 నిమిషాలకి సరిపడా ఇంధనం మిగలాలి. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే క్లాస్ బీ గగనతలంలోకి వెళ్లాలంటే క్లియరెన్స్ అన్న మాట చెవిన పడాల్సిందే, క్లాస్ సీకి రేడియోలో మాటలు కలిస్తే చాలు. ఇలాంటివి పుస్తకం చూడకుండా చెప్పగలగాలి. విమానం లాగ్‌లో యాన్యువల్ (ఏడాదికోసారి చేసే తనిఖీ) ఎప్పుడయిందో, ట్రాన్స్‌పాండర్ చెక్ ఎప్పుడయిందో నువ్వే వెతికి, ఆ పేజీలకి గుర్తులు పెట్టుకుని వెళ్లు. మెడికల్ సర్టిఫికెట్ తేదీ కూడా చూసుకో.

ఇంకో విషయం చాలామంది కలిపేసుకుంటారు. రివ్యూ అయిపోయినంత మాత్రాన పక్కన ఎవరినైనా ఎక్కించుకోవచ్చని కాదు. దానికి గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. రాత్రి అయితే ప్రతిసారీ పూర్తిగా ఆగాలి. పిల్లల్ని తిప్పుతానని మాటిచ్చావుగా, ఆ లెక్క విడిగా చూసుకో.

ముందు రాత్రి బాగా నిద్రపో. ఎండార్స్‌మెంట్ రాయగానే తేదీ, సంతకం సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసి ఫోటో తీసిపెట్టుకో. ఇంటికొచ్చాక నాకు ఫోన్ చెయ్. ఆయన ఏది మళ్లీ చేయించారో, అది చేస్తున్నప్పుడు నీ చేయి ఎటు వెళ్లిందో వినాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ బాబాయి