బిక్ క్రిస్టల్ రూపం ఎందుకు మారలేదంటే, ముందు దాని మొన చూడాలి

బిక్ క్రిస్టల్ పెన్ను 1950 నుంచి ఒకే రూపంలో ఎందుకు ఉంది, దాన్ని డిజైన్ చేసింది ఎవరు అన్నది ప్రశ్న. ఇలా అడిగినప్పుడు అందరూ ఆరు పలకల బాడీ గురించి మొదలుపెడతారు. అది మంచి బాడీయే, కాదనను. కానీ ఆ పెన్ను డిజైన్ అంతా మొన చివర ఒక్క మిల్లీమీటరులో ఉంది. లేతు మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, తయారయ్యే చిన్న చిన్న లోహపు భాగాలను తనిఖీ చేసే పనిలో చాలా ఏళ్లు గడిపాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఒకసారి పెన్నులు తయారుచేసే ఒకాయన డబ్బా నిండా రీఫిళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కొన్ని కక్కుతున్నాయి, కొన్ని గీత మధ్యలో తెగిపోతున్నాయి. "అంతా సిరా వల్లే. సిరా ఇచ్చేవాళ్లను మార్చినా ఇదే గోల" అన్నాడు. ఒక రీఫిల్ మొన మైక్రోస్కోపు కింద పెట్టాను. మొన చివర తిరిగే చిన్న గుండు నున్నగా, గుండ్రంగా బాగానే ఉంది. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచే లోహపు అంచు మాత్రం ఒక వైపు మందంగా ముడుచుకుని, ఎదురు వైపు పలచబడి ఉంది. సన్నటి పట్టకారుతో గుండును కాస్త తిప్పగానే పలుచటి వైపు నుంచి సిరా నెలవంకలా ఉబికి వచ్చింది. మందంగా ఉన్న వైపు పొడిగా మిగిలింది. ఒకే మొన ఒక దిక్కుకు గీస్తే కక్కి, ఇంకో దిక్కుకు గీస్తే ఎండిపోవడానికి కారణం అదే. కాగితం మీద గీసి చూపించినా ఆయన ఒప్పుకోలేదు. సిరా, సిరా అనే అంటున్నాడు. అప్పుడు నా జేబులోని క్రిస్టల్ తీసి దాని మొన పెట్టాను. గుండు చుట్టూ అంచు ఎటు చూసినా ఒకే మందం, సిరా ఎటు చూసినా ఒకే వెడల్పు. ఆయన కంటిని కటకం మీద నుంచి తీయకుండా రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత సిరా మాట ఎత్తలేదు.

బాల్ పెన్ను చరిత్ర అంతా ఈ అంచు గొడవే. 1888లో జాన్ లౌడ్ అనే అమెరికన్ తోలు మీద గుర్తులు పెట్టడానికి గుండు ఉన్న పెన్నుకు పేటెంట్ తీసుకున్నాడు. కాగితానికి అది పనికిరాలేదు. హంగేరీ పాత్రికేయుడు లాస్లో బీరో పత్రికలు అచ్చువేసే సిరా వెంటనే ఆరిపోవడం చూసి, అలాంటి చిక్కటి సిరాతో రాయాలనుకున్నాడు. పాళీలోంచి ఆ సిరా దిగదు, అందుకని గుండును పట్టుకున్నాడు. సోదరుడి సాయంతో సిరా కుదిర్చి, 1938లో పేటెంట్ తీసుకుని, తర్వాత అర్జెంటీనా చేరాడు. 1945 అక్టోబరులో న్యూయార్క్‌లో మిల్టన్ రేనాల్డ్స్ తన బాల్ పెన్నును 12.50 డాలర్లకు అమ్మితే జనం ఎగబడి కొన్నారు, కారుతోందని తిట్టుకున్నారు. ఆలోచన చేతిలోనే ఉంది, కొన్నవాళ్లూ ఉన్నారు. లేనిది గుండుకూ దాని గూటికీ మధ్య సందును ప్రతి పెన్నులోనూ ఒకేలా ఉంచగల యంత్రం.

ఆ పని చేసినవాడు మార్సెల్ బిక్. ప్యారిస్ పక్కన క్లిషీలో ఎడ్వార్ బుఫార్‌తో కలిసి పెన్నుల విడిభాగాలు తయారుచేసేవాడు. నాకు ఆయన నచ్చేది అందుకే, విడిభాగాల నుంచి పెన్నుకు వచ్చినవాడు. లోహాన్ని 0.01 మిల్లీమీటరు వరకు తీర్చగల స్విట్జర్లాండ్ యంత్రాలు తెప్పించాడు, బీరో దగ్గర హక్కులు తీసుకున్నాడు, కారకుండా, గడ్డకట్టకుండా ఉండే సిరా కుదిర్చాడు. 1950 డిసెంబరులో క్రిస్టల్ వచ్చింది.

రూపం మారలేదన్న మాట సగమే నిజం. మొదట్లో గుండు స్టెయిన్‌లెస్ స్టీలుది. 1961లో దాని స్థానంలో అంతకంటే ఎంతో గట్టిదైన టంగ్‌స్టన్ కార్బైడ్ వచ్చింది. అంటే పెన్ను గుండెకాయనే మార్చేశారు, బయట నుంచి చూసేవారికి తేడా తెలియలేదు. 1991లో మూతకు రంధ్రం పెట్టారు. పిల్లలు పొరపాటున మూత మింగి అది గొంతులో అడ్డుపడితే కొంతైనా గాలి ఆడాలని. బాడీ పక్కన ఉండే రంధ్రం వేరు. దాన్ని అచ్చులో వచ్చిన లోపం అనుకునేవారు ఉన్నారు. లోపలా బయటా గాలి ఒత్తిడి ఒకటిగా ఉండటానికి అది కావాలనే పెట్టింది. పలకలు బల్ల మీద దొర్లిపోకుండా ఆపుతాయి, పారదర్శకమైన బాడీ సిరా ఎంత మిగిలిందో చూపిస్తుంది. ఇందులో దేన్ని తీసేసినా పెన్ను పాడవుతుంది, ఇంకేం మారుస్తారు?

ఇప్పటి పెన్నులు చూస్తే నాకు కోపం వస్తుంది. సిరా కనబడని రంగు బాడీ, కొన్నాళ్లకే జిగటగా మారే రబ్బరు పట్టు, ముందుగా విరిగే స్ప్రింగు. ఆ ఖర్చు అంచును సరిగా ముడవడం మీద పెడితే చాలు. బాల్ పెన్నుతో చేతిరాత చెడిపోతుందనే భయం ఒకటి. ఫ్రాన్స్ బడుల్లో 1965 దాకా దానికి అనుమతి లేదు. నా ఉద్దేశంలో చేతిరాతను చెడగొట్టేది బాల్ పెన్ను కాదు, చెడ్డ మొన. గీత తెగుతుంటే పిల్లలు నొక్కి రాస్తారు, నొక్కితే వేళ్లు బిగుసుకుంటాయి, అక్షరం వంకరపోతుంది.

ఇక ఎవరు డిజైన్ చేశారంటే, న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయం శాశ్వత సేకరణలో ఈ పెన్ను ఉంది. అక్కడ డిజైనరుగా ఒక వ్యక్తి పేరు లేదు, డెకొల్తాజ్ ప్లాస్టిక్ సంస్థ డిజైన్ బృందం అని ఉంది. అది నాకు సబబుగా అనిపిస్తుంది. ఇలాంటి వస్తువు ఒక్కరి తలలోంచి ఊడిపడదు, యంత్రం దగ్గర నిలబడ్డ నలుగురూ సరిదిద్దుకుంటూ పోతే వస్తుంది.

ఈసారి ఏ పెన్ను కొన్నా మీ పేరు రాసి చూడకండి. పేరు రాసే చెయ్యి అలవాటైన దారిలోనే పోతుంది. కాగితం మీద సున్నాలు చుట్టండి, కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి, నొక్కకుండా. ప్రతి సున్నాలోనూ ఒకే చోట గీత సన్నబడితే అంచు అటువైపు మందంగా ఉన్నట్టే. ఆ పెన్ను తిరిగి ఇచ్చేయండి.