చెరువుల ఊరి నుంచి ట్రౌట్ పోటీకి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము హనుమకొండకు చెందిన ఎనిమిది మంది మిత్రులం. నిరుడు ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు వెళ్లి, అక్కడి వారి దగ్గర ఫ్లై ఫిషింగ్ (ఉత్తుత్తి ఈగతో గాలం వేయడం) నేర్చుకుని, నాలుగైదు ట్రౌట్ చేపలను పట్టి మళ్లీ నీటిలో వదిలాము. అప్పటి నుంచి మాలో మేము ఒక స్నేహపూర్వకమైన పోటీ పెట్టుకోవాలని కోరికగా ఉన్నది. ప్రతిసారీ అంత దూరం వెళ్లడం కష్టం కనుక ట్రౌట్ పిల్లలను తెప్పించి పాకాలలోనో లక్నవరంలోనో వదిలి, అవి పెద్దవైన తరువాత ఇక్కడే పోటీ జరుపుకోవచ్చునా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: వదలకూడదు, వదిలినా బతకవు. ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అది హాయిగా తిరుగుతుంది, 20 దాటితే సొమ్మసిల్లుతుంది, 25కు చేరితే దాని ప్రాణం మీదికి వస్తుంది. మే నెలలో మన చెరువుల పై నీరు 30 డిగ్రీలు దాటుతుందన్నది, కట్ట మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టిన ప్రతివారికీ తెలిసిన సంగతే. వేడితో పాటు ఇంకొక చిక్కు ఉన్నది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది; 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మన కొర్రమీను ఆ లోటును పైకి వచ్చి గాలి మింగి పూడ్చుకుంటుంది. ట్రౌట్‌కు ఆ విద్య లేదు.

నిజానికి తీర్థన్‌లో మీరు పట్టిన చేప కూడా అక్కడ పుట్టిన జాతి కాదు. ఆంగ్లేయులు తమ వేట సరదా కోసం ట్రౌట్ గుడ్లను ఓడల మీద తెప్పించారు. కశ్మీరుకు 1899లో పంపిన మొదటి గుడ్లు పాడైపోయాయి, 1900లో వచ్చినవి నిలిచాయి. నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో గుడ్లు పొదిగించే కేంద్రం వెలిసింది, కులూ లోయకు 1909లో ట్రౌట్ చేరింది. ఎక్కడ నిలిచిందో చూడండి: అన్నీ ఎత్తైన కొండలు, మంచు నీళ్లో చలి నీళ్లో పారే వాగులు. ఇక పాకాల అభయారణ్యంలో ఉన్న చెరువు. అక్కడ బయటి చేపను వదిలే మాట అటుంచి, అటవీ శాఖ అనుమతి లేకుండా గాలం వేయడమే తప్పు.

అందుచేత నా సలహా ఏమిటంటే, పోటీని రెండు ముక్కలు చేసుకోండి. చేప అవసరం లేని ముక్కను ఇక్కడే, చేప కావలసిన ముక్కను హిమాచల్‌లో జరుపుకోండి. ఫ్లై ఫిషింగ్‌లో సగం పని దారం విసరడమే కదా. మామూలు గాలంలో సీసం గుండు బరువుతో దారం ముందుకు పోతుంది. ఇందులో ఈకలు, దారపు పోగులు చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగకు బరువే ఉండదు కనుక, లావాటి దారం తన బరువుతోనే దానిని మోసుకుపోవాలి. ఎడ్లబండి తోలేవారు చర్నకోల ఝళిపించడం చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది: వెనక్కి విసిరిన దారం పూర్తిగా చాపుకునేంత వరకు ఒక క్షణం ఆగి, అప్పుడే చేతిని ముందుకు తేవాలి. తొందరపడితే దారం చెవి పక్కన ఛెళ్లుమంటుంది, ఈగ ఊడి ఎక్కడో పడుతుంది.

ఆదివారం పొద్దున క్రికెట్ ఆటగాళ్లు దిగకముందే ఆర్ట్స్ కాలేజీ మైదానం వంటి చోట పాత సైకిల్ టైర్లు ఐదారు, 8 నుంచి 15 మీటర్ల దూరాలలో పరచండి. కొక్కేనికి బదులు దారం కొనకు రంగు ఊలు పోగు ముడి వేయండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క టైరుకు రెండు విసురులు. లోపల పడితే మార్కు, అంచుకు తగిలితే అర మార్కు. ఐదో నంబరు దారం (ఈ నంబరు దారం బరువును చెబుతుంది), దానికి తగిన తొమ్మిది అడుగుల రాడ్డు అందరికీ సరిపోతాయి. వీలైతే ఒకే రాడ్డుతో అందరూ విసరండి, అప్పుడు ఖరీదైన సామాను ఉన్నవారికి ప్రత్యేక లాభం ఉండదు. అయితే ఊలు పోగైనా సరే, కళ్లద్దాలు, టోపీ లేనివారిని బరిలోకి రానివ్వకండి.

తీర్థన్‌కు వెళ్లే కాలం విషయంలో పొరపాటు పడవద్దు. హిమాచల్ ట్రౌట్ నీళ్లలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు వేట నిషేధం, ఎందుకంటే బ్రౌన్ ట్రౌట్ చలికాలంలోనే గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. జూలై, ఆగస్టులలో వాన నీటితో నది మట్టి రంగుకు తిరుగుతుంది, అప్పుడు చేపకు ఈగ కనబడదు. మిగిలిన వాటిలో మార్చి నుంచి మే వరకు ఒక అదను, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకు మరొక అదను. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే న్యూఢిల్లీ, అక్కడి నుంచి కులూ, మనాలి వైపు వెళ్లే బస్సులో ఔట్ వద్ద దిగితే బంజార్ మీదుగా లోయలోకి దారి ఉన్నది. అక్కడి మత్స్య శాఖ ఇచ్చే లైసెన్సు ప్రతివారి పేరున విడివిడిగా తీసుకోవాలి. ఎనిమిది మందికి ఒక్క కాగితం చాలదు. పోటీ అని ముందే చెప్పి, ఏ భాగంలో చేస్తున్నారో వారికి తెలిపితే గొడవే ఉండదు.

ప్రశ్న: గాలం పోటీ పెట్టినప్పుడల్లా చివరికి తగాదాయే అవుతున్నది. పెద్ద చేప పట్టినవాడు గెలిచినట్టా, ఎక్కువ చేపలు పట్టినవాడు గెలిచినట్టా? ట్రౌట్ పోటీలలో తీర్పు ఎట్లా చెబుతారు? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఆ తగాదాను నేను కూడా అనుభవించాను. కొన్నేళ్ల కిందట నర్సంపేట వైపు ఒక ఊరి చెరువు మీద, మత్స్య సహకార సంఘం వారి అనుమతితో పన్నెండు మందిమి సరదాగా గాలం పోటీ పెట్టుకున్నాము. బరువును బట్టి గెలుపు అనుకున్నాము కనుక, పట్టిన చేపలన్నిటినీ చివర్లో తూచేదాకా రెండు ప్లాస్టిక్ బకెట్లలో ఉంచాము. మధ్యాహ్నానికి తక్కెడ తెచ్చేసరికి పద్నాలుగు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వాటిని వదిలేస్తామని మాట ఇచ్చిన సంఘం పెద్ద ముందు తల ఎత్తలేకపోయాము. పైగా గెలిచింది ఎవరయ్యా అంటే, తెల్లవారక ముందే వచ్చి తూము పక్కన కూర్చున్న మనిషి. అతని చేతివాటం కంటే ఆ చోటు గొప్పది. నాటి నుంచి నాకు రెండు విషయాలు ఖాయమయ్యాయి: చేపను తూచకూడదు, కొలవాలి; చోటును ఎవరూ ఎంచుకోకూడదు, చీటీ తీయాలి.

ప్రపంచ స్థాయిలో జరిగే ఫ్లై ఫిషింగ్ పోటీలు 1981లో లక్సెంబర్గ్‌లో మొదలయ్యాయి. వాటి లెక్క ఈ రెండిటి మీదే నిలబడి ఉన్నది. పొడవు నిబంధనకు సరిపోయిన ప్రతి చేపకు 100 పాయింట్లు, దాని మీద సెంటీమీటరుకు 20 పాయింట్లు. అంటే 40 సెంటీమీటర్ల ఒక్క చేప పట్టినవారికి 900 వస్తే, 22 సెంటీమీటర్ల చేపలు మూడు పట్టినవారికి ఒక్కొక్కటి 540 చొప్పున 1620 వస్తాయి. మీ ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉన్నది: అదృష్టం కొద్దీ తగిలిన ఒక్క పెద్ద చేప కంటే, నిలకడగా పట్టినవారికి మొగ్గు. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది, పెద్ద చేప పట్టినవారు ఎటూ ఆ కథను పదేళ్లు చెప్పుకుంటారు.

ఎనిమిది మంది ఉంటే నదిని నాలుగు ముక్కలుగా గుర్తించి, మధ్యలో కొంత ఖాళీ వదలండి. చీటీలతో ఇద్దరిద్దరిని జతచేసి ఒక్కొక్క ముక్కకు పంపండి. ఒకరు ముప్పావు గంట గాలం వేస్తుంటే రెండవవారు కొలబద్ద, పుస్తకం పట్టుకుని పక్కన ఉంటారు, తరువాత మార్చుకుంటారు. కొలబద్ద ఎప్పుడూ ఎదుటి పోటీదారు చేతిలోనే ఉండాలి, ఎందుకంటే ఎదుటివారి చేపను అర సెంటీమీటరు ఎక్కువ రాసే పోటీదారును నేను ఇంతవరకు చూడలేదు. అర సెంటీమీటరును పైకి సవరించాలా, కిందికి దించాలా అన్నది ముందు రాత్రే తేల్చుకోండి. భోజనాల తరువాత ముక్కలు మార్చి రెండవ విడత. ప్రతి విడతలోనూ పాయింట్లను బట్టి ఒకటి నుంచి ఎనిమిది వరకు స్థానాలు వేసి, చివరికి స్థానాలను మాత్రమే కూడండి. తక్కువ మొత్తం వచ్చినవారు విజేత. పాయింట్లను నేరుగా కూడితే, చేపలు విరగబడి తగిలిన ఒక్క విడత మొత్తం పోటీని మింగేస్తుంది.

ప్రశ్న: పోటీలో వదిలిన చేపలు నిజంగా బతుకుతాయా? మనసు ఒప్పుకోవడం లేదు. (ఒక పాఠకురాలు, ములుగు)

జవాబు: మీ అనుమానం అర్థం లేనిది కాదు. బతకడం, బతకకపోవడం చాలావరకు మన చేతుల్లోనే ఉన్నది. కొక్కెం కొన వెనక ఉండే ఎదురుముల్లును ప్లయరుతో నొక్కి చదును చేయాలి. పెద్ద పోటీలలో ఎదురుముల్లు లేని కొక్కేలే వాడనిస్తారు. అప్పుడు కొక్కెం వచ్చిన దారినే ఊడివస్తుంది. చేపను ముట్టే ముందు చేతులు తడుపుకోవాలి, ఎందుకంటే దాని ఒంటి మీది జిగురు పొరే దానికి రోగాలు తగలకుండా కాపాడుతుంది, పొడి చేయి ఆ పొరను తుడిచేస్తుంది. ముడులు వేసిన నైలాన్ జాలి కంటే రబ్బరు జాలి మంచిది. కొలబద్దను జాలి పక్కనే నీటిలో ఉంచి కొలిస్తే చేపను గాలిలోకి ఎత్తే పనే ఉండదు. ఫోటో తప్పదనుకుంటే మీరు ఊపిరి బిగబట్టి తీయండి. మీకు ఊపిరి ఆడనప్పుడు దానికీ ఆడదు. వదిలేటప్పుడు తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, మొప్పలు ఆడి, అదే తోక విదిల్చి వెళ్లేదాకా పట్టుకోవాలి. విసిరివేయకూడదు.

జేబులో ఒక థర్మామీటరు ఉంచుకోండి. నీరు 20 డిగ్రీలకు చేరిందంటే, ఎవరు ఎన్ని పాయింట్లతో ఉన్నా పోటీ ఆపివేయవలసిందే. ఈ నిబంధన కూడా కాగితం మీద ఉండాలి, లేకపోతే వెనుకబడినవారు ఇంకొక్క అరగంట అంటారు.

ప్రశ్న: బహుమతి ఎంత పెట్టాలి? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: డబ్బు పెట్టవద్దు. ఓడినవారంతా కలిసి గెలిచినవారికి ఈగలు కట్టి ఇవ్వడం నేను చూసిన వాటిలో మంచి బహుమతి.

ప్రశ్న: హిమాచల్ దాకా వెళ్లే స్తోమత మాకు లేదు. మా ఊరి చెరువులో ఇదే పద్ధతిన ఫ్లై పోటీ పెట్టుకోవచ్చునా? ఏ చేపలు పడతాయి? (ఒక విద్యార్థి, మహబూబాబాద్)

జవాబు: నిశ్చింతగా పెట్టుకోవచ్చును, అయితే మొదటి అడుగు చెరువు వైపు కాక మత్స్య సహకార సంఘం వారి ఇంటి వైపు వేయండి. ఆ చెరువులోని చేప వారి జీవనాధారం. పట్టింది వదులుతామని, ఎంతమంది, ఏ రోజు వస్తారని చెప్పి, వారిలో ఒకరిని న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టుకోండి. వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే కాలం, పిల్లలను వదిలే కాలం కనుక అప్పుడు వద్దు. చలి తగ్గుముఖం పట్టే రోజులలో ఎండ పొడ వచ్చాక మొదలుపెట్టండి.

రోహు, బొచ్చె ఎక్కువగా నీటిలోని నాచు, కంటికి సరిగా కనబడని సూక్ష్మజీవుల మీద బతికేవి కనుక ఈగను సులభంగా పట్టించుకోవు. తిలాపియా పట్టించుకుంటుంది, ఒడ్డుకు దగ్గరగా తిరుగుతుంది, కొత్తగా నేర్చుకునేవారికి అదే మంచి గురువు. మన రాష్ట్ర చేప కొర్రమీను అయితే తామర ఆకుల సందులో కప్పలా కదిలే పెద్ద ఈగ మీదికి బుస్సున లేస్తుంది. దానికి పళ్లు ఉన్నాయి కనుక చివరి దారం గట్టిది వాడండి. అయితే నీటి పైన ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా, ఉడుకుతున్న ఎసరులా కదులుతూ కనబడితే అక్కడ గాలం వేయకండి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, ఈగ పడగానే కోపంతో కరుస్తాయి. వాటిని ఒడ్డుకు లాగి కొలిచేలోపు చుట్టూ ఉన్న చేపలు ఆ పిల్లలను తినేస్తాయి. పిల్లల గుంపు మీద పట్టిన కొర్రమీనుకు పాయింట్లు లేవని మీ నిబంధనలలో మొదటి వరుసలోనే రాసుకోండి.