విదేశీ పిల్లలకు ఆరు వారాల చదువు: అమ్మాయిని పంపాలా, వద్దా?

ప్రశ్న: మాది హిందూపురం. ఇరవై రెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) అనుబంధ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. వచ్చే సెలవుల్లో కంబోడియాలోని సియెం రీప్ వెళ్లి, ఒక అనాథ పిల్లల ఆశ్రమంలో ఆరు వారాలు ఇంగ్లిష్, లెక్కలు చెబుతానంటోంది. ఏర్పాట్లు చూసే సంస్థ విమాన ఛార్జీలు కాక లక్షా నలభై వేలు కట్టమంటోంది. సర్టిఫికెట్ ఇస్తారట, ఉద్యోగానికీ పై చదువులకూ పనికొస్తుందట. సేవ చేస్తానంటే కాదనలేను. డబ్బు కట్టి మరీ సేవ చేయడమేమిటో మాత్రం నాకు అర్థం కావడం లేదు. పంపమంటారా?

జవాబు: ముందుగా సూటిగా చెబుతాను. మీరు రాసిన ఆ ఆశ్రమానికి అమ్మాయిని పంపవద్దు. పిల్లలకు చదువు చెప్పాలన్న ఆమె కోరికకు మాత్రం అడ్డు పడవద్దు, ఎందుకంటే అది నెరవేరే దారులు ఇంతకన్నా తక్కువ ఖర్చుతో, ఇంతకన్నా గౌరవంగా ఉన్నాయి. కారణాలు కొంచెం వివరంగానే రాస్తున్నాను. ఈ జవాబును అమ్మాయి చేత కూడా చదివించండి.

కంబోడియాలో 2005 నుంచి 2010 వరకు, అంటే ఐదేళ్లలో, పిల్లల ఆశ్రమాల సంఖ్య దాదాపు 75 శాతం పెరిగింది. పిల్లలు పెద్ద సంఖ్యలో అనాథలయ్యేంత యుద్ధం గాని, ఉత్పాతం గాని ఆ ఐదేళ్లలో అక్కడ రాలేదు. లక్షల మందిని బలిగొన్న ఖ్మేర్ రూజ్ పాలన 1979లోనే ముగిసింది. పెరిగినవల్లా సియెం రీప్ దగ్గరి అంగ్‌కోర్ వాట్ ఆలయం చూడడానికి వచ్చే పర్యాటకులు, వాళ్లలో జాలిగుండె కలవారు ఇచ్చే విరాళాలు, మీ అమ్మాయిలాంటి విద్యార్థులు కట్టే రుసుములు. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెబుతూ వస్తోంది. పేద తల్లిదండ్రులు చదువు వస్తుందన్న ఆశతో పిల్లవాడిని అప్పగిస్తారు. నడిపేవాడికి చూపించడానికి పిల్లలు కావాలి కనుక వాడిని ఇంటికి తిరిగి పంపాలన్న తొందర ఉండదు. ఈ సంగతి బయటపడ్డాకే 2011లో అక్కడ ‘పిల్లలు పర్యాటక వింతలు కారు’ అనే ప్రచారోద్యమం మొదలైంది. విరాళాల కోసం పిల్లలను ఆశ్రమాలకు చేర్చడాన్ని ఆధునిక బానిసత్వపు రూపాల్లో ఒకటిగా ఆస్ట్రేలియా 2018లో గుర్తించింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ చేసిన తీర్మానంలో కూడా ఆశ్రమాల్లో పర్యాటకుల స్వచ్ఛంద సేవ వల్ల పిల్లలకు కలిగే హాని ప్రస్తావనకు వచ్చింది. మీరు చెప్పిన సంస్థ అలాంటిదేనని నేను అనడం లేదు, దాని గురించి నాకు తెలియదు. అయితే ఇంత దూరం నుంచి, ఒక రంగుల కరపత్రం చూసి, మంచి ఆశ్రమమేదో చెడ్డదేదో తేల్చుకోవడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.

ఆశ్రమం నూటికి నూరుపాళ్లు నిజాయితీగా నడుస్తున్నా మరో చిక్కు మిగులుతుంది. వేసవికి వచ్చిన మేనత్త తిరిగి ఊరెళ్తుంటేనే మన ఇళ్లలో పిల్లలు కొంగు పట్టుకుని బస్సు దాకా ఏడుస్తూ వస్తారు. తల్లి దగ్గర లేని పిల్లకు ఆరు వారాలకొక కొత్త అక్క వచ్చి, ముద్దు చేసి, ఫొటో దిగి వెళ్లిపోతుంటే ఏడాదికి ఎనిమిదిసార్లు ఆ ఏడుపు తప్పదు, కొన్నాళ్లకు ఆ పిల్ల ఏడవడం కూడా మానేస్తుంది. బడి వేరు. అక్కడ పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్తారు, వాళ్లకు రోజూ కనిపించే సొంత టీచరు ఉంటారు. అందుకే విదేశమైనా స్వదేశమైనా బడికి, గ్రంథాలయానికి, సాయంత్రపు ట్యూషన్ కేంద్రానికి వెళ్లడానికి నేను అభ్యంతరం చెప్పను. పిల్లలు రాత్రి నిద్రపోయే చోటికి మాత్రం వెళ్లవద్దంటాను.

డబ్బు కట్టి సేవ చేయడమేమిటని అడిగారు. రుసుము ఉండడమే తప్పు కాదు. బస, భోజనం, బీమా, అక్కడ తోడుండే మనిషి జీతం ఎవరో ఒకరు భరించాలి కదా. లక్షా నలభై వేలలో బడికి చేరేదెంత, ఏజెంటుకు మిగిలేదెంత అన్నది కాగితం మీద రాసివ్వమనండి. హార్డ్‌వేర్ వ్యాపారంలో ఉన్నవారు, సరుకు ధరా రవాణా ధరా విడదీసి అడగడం మీకు నేను నేర్పక్కర్లేదు. పోల్చుకోవడానికి రెండు పేర్లు చెబుతాను. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల విభాగం ఏ దశలోనూ అభ్యర్థి దగ్గర రుసుము తీసుకోదు. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఇంట్లో కూర్చుని చేయగల ఆన్‌లైన్ పనులు కూడా వాళ్ల దగ్గర ఉంటాయి. 1948లో విద్యార్థులే స్థాపించి నేటికీ యువతే నడుపుతున్న ఐసెక్ రుసుము తీసుకుంటుంది. 18 నుంచి 30 ఏళ్ల వారిని ఆరు నుంచి ఎనిమిది వారాల విద్యా ప్రాజెక్టులకు పంపుతుంది. అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ పేరు ఎవరైనా చెబితే, అది ఆ దేశ పౌరులకు మాత్రమేనని గుర్తుంచుకోండి.

ఇక సర్టిఫికెట్ విలువ. మూడేళ్ల కిందట ఒక అబ్బాయి ఇలాగే వేరే దేశంలో నాలుగు వారాలు పాఠాలు చెప్పి వచ్చి, ఇంటర్వ్యూ సాధన కోసం నా దగ్గర కూర్చున్నాడు. ఫోనులో రెండు వందలకు పైగా ఫొటోలు ఉన్నాయి. ‘నువ్వు వెళ్లిన రోజున ఆ పిల్లలు ఏం చదవగలిగేవారు, వచ్చిన రోజున ఏం చదవగలిగారు?’ అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ‘ఒక పాప నా పేరు బాగా పలికేది మేడమ్’ అన్నాడు. అబద్ధమాడనందుకు మెచ్చుకున్నాను గాని, ఇంటర్వ్యూలో ఆ జవాబు నిలబడదు. అదే ఏడాది మారతహళ్లి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో శనివారాలు పాఠం చెప్పిన మరో అమ్మాయి నా బల్ల మీద ఒక రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం పెట్టింది. ఎడమ వైపు పందొమ్మిది మంది పిల్లల పేర్లు, పక్కన ఇంట్లో మాట్లాడే భాష, ఆపైన జూలై నుంచి డిసెంబరు దాకా నెలకొక గడి. గడిలో అక్షరం, పదం, పేరా, కథ అన్న నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాసి ఉంది, అంటే ఆ నెలలో ఆ పిల్ల ఎంతవరకు చదవగలిగిందో అంతవరకు. ఇద్దరు పిల్లల వరుసలు సెప్టెంబరు తర్వాత ఖాళీగా ఉన్నాయి. ఎందుకని అడిగితే, తండ్రి పనిచేసే కట్టడం పూర్తయి ఆ కుటుంబాలు వేరే చోటికి వెళ్లిపోయాయని చెప్పింది. ఉద్యోగమిచ్చేవాడు అడిగే ప్రశ్నలన్నిటికీ ఆ పుస్తకంలోనే జవాబులున్నాయి.

ఆమె వాడిన ఆ నాలుగు మెట్ల కొలత మన దేశంలోనే పుట్టింది. 1995లో ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని తయారు చేసింది. పిల్లలు ఎంతవరకు చదవగలరో చూసే, 2005 నుంచి వస్తున్న అసర్ సర్వేలు ఈ కొలతతోనే జరుగుతున్నాయి. ఇప్పుడా పద్ధతి జాంబియా, బోట్స్‌వానా వంటి ఆఫ్రికా దేశాల బడులకు కూడా చేరింది. విదేశంలో పిల్లలకు పాఠం చెప్పదలచిన బెంగళూరు విద్యార్థిని ముందుగా నేర్చుకోవలసిన విద్య మన ఊళ్లోనే దొరుకుతుంది.

కనుక ఈ ఏడాది ఆమె చేయవలసింది ఇక్కడే ఉంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ నియమం ప్రకారం నాలుగేళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి సామాజిక కార్యక్రమాల ద్వారా 100 యాక్టివిటీ పాయింట్లు సంపాదించాలి, వీటీయూలో అది అమల్లో ఉంది. చాలామంది చివరి సెమిస్టర్లో ఒక చెట్టు నాటి, ఒక ర్యాలీలో నడిచి ఆ లెక్క ముగించేస్తారు. మీ అమ్మాయి ఆ గంటలను ఒకే బడిలో వారం వారం పెడితే లెక్కా తీరుతుంది, అనుభవమూ మిగులుతుంది. కళాశాలలో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటే రెండేళ్లలో 240 గంటల సేవ అందులోనూ నమోదవుతుంది. మరో దారి నాకు మరీ ఇష్టం. బెంగళూరులోనే ఉన్న ఈవిద్యాలోక అనే సంస్థ గ్రామీణ ప్రభుత్వ బడుల పిల్లలకు వాలంటీర్ల చేత ఆన్‌లైన్‌లో వాళ్ల భాషలోనే పాఠాలు చెప్పిస్తుంది, అందులో తెలుగు కూడా ఉంది. కంబోడియా వాళ్ల ఖ్మేర్ భాషలో ఒక్క ముక్క రాని మీ అమ్మాయి సియెం రీప్ పిల్లలకు భిన్నాలు ఎలా వివరిస్తుందో నాకు తెలియదు. తెలుగులో అయితే దోసెను నాలుగు ముక్కలు చేసి చూపించగలదు.

సెలవుల సంగతి కూడా చూడండి. మూడో సంవత్సరం తర్వాత వచ్చేవి ఇంటర్న్‌షిప్ సెలవులు. ఏడో సెమిస్టర్ మొదలవుతూనే చాలా కళాశాలల్లో క్యాంపస్ నియామకాలు మొదలవుతాయి. సరిగ్గా ఆ ఆరు వారాలు దేశంలో లేకపోవడం వల్ల కలిగే నష్టాన్ని ఏ సర్టిఫికెట్టూ పూడ్చలేదు.

చివరి సెమిస్టర్ పరీక్షలు రాశాక, ఉద్యోగంలో చేరేలోగా దొరికే విరామంలో విదేశానికి వెళ్లనివ్వండి. అప్పటికి ఆమె చేతిలోనూ ఒక రూళ్ల పుస్తకం ఉంటుంది. అయితే ముందు దేశాన్ని ఎంచుకుని ఆ తర్వాత బడిని వెతకడం తలకిందుల పని. ఆ బడిలో ఆ నెలల్లో పాఠాలు జరుగుతాయా లేదా అన్నది మొదటి ప్రశ్న. నేపాల్‌లో హిందీతో నెట్టుకురావచ్చు, భారతీయులకు వీసా అక్కరలేదు. కానీ జూన్, జూలైలలో అక్కడ చాలా బడులకు సెలవులు వస్తాయి. కెన్యాలో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మే నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా రెండో టర్మ్ నడుస్తుంది కనుక మన సెలవులకు సరిపోతుంది. అక్కడికి వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకాను కనీసం పది రోజుల ముందు వేయించుకుని పసుపు రంగు ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి, లేకపోతే తిరిగి వచ్చినప్పుడు మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఉంది. టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పవచ్చని ఏజెంటు అంటే నమ్మకండి. థాయిలాండ్ వంటి చోట్ల జీతం లేని సేవకు కూడా వేరే వీసా, వర్క్ పర్మిట్ కావాలి.

ఒక సంస్థ మంచిదో కాదో తేల్చడానికి నేను వాడే గీటురాయి ఒకటుంది. అది మీ అమ్మాయిని ఏం అడిగిందో చూడండి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగిందా, ఇద్దరు అధ్యాపకుల నుంచి సిఫారసు ఉత్తరాలు అడిగిందా, ఇంటర్వ్యూ చేసిందా, పిల్లలతో ఎలా మెలగాలో చెప్పే నియమావళి మీద సంతకం తీసుకుందా? ఏదీ అడగకుండా డబ్బు మాత్రమే అడిగి మీ అమ్మాయిని పిల్లల గదిలోకి పంపే సంస్థ మరెవరినైనా అలాగే పంపుతుంది. పోలీసు క్లియరెన్స్ కోసం పాస్‌పోర్ట్ సేవ వెబ్‌సైటులో దరఖాస్తు చేసి మీకు దగ్గరలోని కేంద్రంలో సమయం తీసుకోవచ్చు.

వెళ్లాక ఆమె చేసే పని టీచరు కుర్చీలో కూర్చోవడం కాకూడదు. అక్కడి టీచరు పక్కన నిలబడి, వారు అడిగిన సాయం చేయాలి. కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్లకు అలాంటి పనులు చాలా దొరుకుతాయి. ఇంటర్నెట్ లేని బడుల్లో కూడా పాత కంప్యూటర్ల మీద పాఠాలు నడిపే కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని నాలుగు యంత్రాల్లో ఎక్కించి, చెడిపోతే బాగుచేసుకోవడం ఇద్దరు టీచర్లకు నేర్పి వస్తే, ఆమె విమానం ఎక్కిన మర్నాడు కూడా ఆ పని నడుస్తుంది.

పై చదువుల విషయంలో మీకు ఎవరో ఆశ ఎక్కువ పెట్టారు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేయాలనుకుంటే మార్కులు, ప్రాజెక్టులు, అధ్యాపకుల సిఫారసులు చూస్తారు, ఆరు వారాల సేవకు అందులో పెద్ద చోటు ఉండదు. ఆమె మనసు నిజంగా విద్యారంగం వైపే ఉంటే లెక్క మారుతుంది. 2009లో తొలి బృందంతో మొదలైన టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ పేద పిల్లల బడుల్లో పాఠాలు చెప్పే రెండేళ్ల పూర్తికాలపు పని, నెలనెలా భత్యం ఇస్తారు, బెంగళూరులోనూ చెన్నైలోనూ హైదరాబాదులోనూ ఉంది. ఆ తర్వాత మన ఊళ్లోనే అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలో ఎంఏ చేయవచ్చు. ఏ దారి అన్నది మీరు ఊహించవద్దు, ఆమెనే అడగండి.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఒక చిన్న పని అప్పగించండి. ‘సోమవారం ఉదయం తొమ్మిదింటికి ముప్పై మంది పిల్లలు నీ ముందు కూర్చున్నారు, పన్నెండు దాకా ఏం చేస్తావు?’ అని అడిగి, జవాబు ఒక కాగితం మీద రాయమనండి. వాదన అక్కరలేదు, రాసినదాన్ని ఆమే ఒకసారి చదువుకుంటే చాలు. ఇప్పటికే ఆ సంస్థకు అడ్వాన్సు కట్టి ఉంటే, రసీదు వెనుక రద్దు నిబంధన ఏముందో ముందు చూసి, డబ్బు వెనక్కి ఇవ్వమని ఫోనులో కాకుండా ఈమెయిల్‌లో అడగండి.