పెళ్ళి ఎవరు చేయిస్తారని అడిగావు కదా

చి. అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబ్బాయి క్రైస్తవుడని రెండో పేజీ చివర రాశావు. అది మొదటి వాక్యంలో రావలసిన మాట, ఎందుకంటే నువ్వు అడిగిన దానికి జవాబంతా అక్కడే ఉంది. తక్కువ ఖర్చుతో ఎవరు పెళ్ళి చేయించగలరని అడిగావు. అంతకంటే ముందు ఏ చట్టం కింద చేసుకుంటున్నారో తేల్చుకోవాలి. చట్టం తేలితే చేయించే మనిషెవరో దానంతటదే తేలుతుంది. రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి కాస్త చాదస్తంగా రాస్తాను, ఓర్చుకో.

అమెరికాలో మీ స్నేహితుడొకడు నెట్‌లో పౌరోహిత్యపు పత్రం తీసుకుని తన మిత్రుడి పెళ్ళి జరిపించాడని, ఇక్కడా అలా కుదురుతుందా అని అడిగావు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అలాంటివాడి సంతకం చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. తమిళనాట మాత్రం 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి ఒక సవరణ తెచ్చింది. పురోహితుడు లేకపోయినా బంధువులో స్నేహితులో చూస్తుండగా దండలు మార్చుకుంటే, ఉంగరాలు తొడుక్కుంటే పెళ్ళే. అదీ ఇద్దరు హిందువుల మధ్య. ఆ సవరణ మన రెండు రాష్ట్రాలకూ రాలేదు.

గుడిలో చేసుకుందామన్న ఆలోచన మానుకో. ఇద్దరూ హిందువులైతే నేనే చేయించమనేవాణ్ణి. తిరుమల కళ్యాణవేదికలో పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని దేవస్థానమే ఉచితంగా ఇస్తుంది. అన్నవరం కొండ మీద ఎన్ని పెళ్ళిళ్ళు జరుగుతాయో నీకు తెలుసు. పైగా 1955 నాటి హిందూ వివాహ చట్టంలో పురోహితుడి ఊసే లేదు. ఆచారం ప్రకారం క్రతువు జరగాలంటుంది. సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టే అంటుంది. చేయించేవాడికి లైసెన్సు అడగదు. కానీ ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన కేసు ఒకటుంది. 1996లో ఒక హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి గుడిలో తాళి కట్టించుకుని, కొద్ది రోజులకే రిజిస్టరు కూడా చేయించుకున్నారు. చేతిలో ధృవపత్రం ఉంది. అయినా 2008లో సుప్రీంకోర్టు ఆ పెళ్ళి చెల్లదని తేల్చింది. ముద్ర చూసి మురిసిపోకూడదని అందుకే అంటాను. అలాగే వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ పెళ్ళి చేయిస్తామని కోర్టు వాకిట్లో పిలిచేవాళ్ళుంటారు. అది పెళ్ళి కాదు, కాగితం.

చర్చి దారి తెరిచే ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా సరేనంటుంది. అయితే అక్కడ చేయించేవాడికి అధికారం ఉండి తీరాలి: సంప్రదాయ చర్చి గురువైనా కావాలి, ప్రభుత్వ లైసెన్సు ఉన్న పాస్టరైనా కావాలి. వీధి చివర రేకుల షెడ్డులో ప్రార్థన చేయించే ప్రతి పాస్టరుకూ అది ఉండదు. లేకుండా చేయిస్తే ఆయనకు పదేళ్ళ వరకు జైలు. కాబట్టి లైసెన్సు చూపించమని అడగడానికి మొహమాటపడకు. నువ్వు బాప్తిస్మం తీసుకుంటేనే చేస్తామని కొందరంటారు. తీసుకోవాలో వద్దో నీ మనసుకు సంబంధించిన విషయం. పెళ్ళి తేదీ దగ్గరపడిందని మాత్రం ఆ నిర్ణయం తీసుకోకు.

ఇక నేను చెప్పేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఎవరూ మతం మారనక్కర్లేదు. చేయించేది వివాహాధికారి, అంటే మన దగ్గర సబ్ రిజిస్ట్రారు. ప్రభుత్వ రుసుము చిన్న మొత్తమే. జేబుకు చిల్లు పడేది బయట చెట్టు కింద కూర్చున్న మధ్యవర్తి దగ్గర. ఆయన లేకుండానే పని అవుతుంది.

ఇద్దరిలో ఒకరైనా కనీసం ముప్పై రోజులుగా ఉంటున్న జిల్లాలో, పెళ్ళి చేసుకోబోతున్నామని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. నువ్వు హైదరాబాదులో మూడేళ్ళుగా ఉంటున్నావు కాబట్టి అక్కడే ఇవ్వు, అద్దె ఒప్పందం తీసుకెళ్ళు. నోటీసు ముప్పై రోజులు కార్యాలయం గోడ మీద ఉంటుంది. అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు గాని, కులమో మతమో నచ్చలేదంటే అది అభ్యంతరం కాదు. ఇదివరకే పెళ్ళయి భార్యో భర్తో బతికి ఉండటం, వయసు చాలకపోవడం, మతిస్థిమితం లేకపోవడం, దగ్గరి రక్తసంబంధం, ఇలాంటివే లెక్కలోకి వస్తాయి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికి రావలసిందే. మీ అమ్మ ముహూర్తం పట్టు పడుతుందని తెలుసు. ఆషాఢంలో నోటీసు ఇస్తే శ్రావణానికి గడువు తీరుతుంది, ఆవిడ మాటా నెగ్గుతుంది. తెల్లవారుజాము లగ్నం మాత్రం పెట్టనివ్వకు, కార్యాలయం తలుపులు తెరవరు.

ఒక సంగతి మెల్లగా చెప్పాలి. నీ శాశ్వత చిరునామా మన ఊరిదే కదా. చట్టం ప్రకారం ఆ నోటీసు నకలు మన జిల్లా వివాహాధికారికి కూడా వెళుతుంది, అక్కడా గోడ మీద పెడతారు. మా కార్యాలయానికి భూమి కాగితాల కోసం వచ్చిన ఒకాయన, తన వంతు కోసం ఎదురుచూస్తూ బోర్డు చదువుతూ, కూతురి పేరు చూశాడు. ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. చేతిలో ఉన్న పట్టాదారు పుస్తకం సంచిలో పెట్టుకుని, పని చేయించుకోకుండానే వెళ్ళిపోయాడు. మా తమ్ముడికి ఆ గతి పట్టించకు. నోటీసుకు ముందే వెళ్ళి చెప్పు, అరిస్తే అరవనీ. నేనూ పక్కన కూర్చుంటాను. ఇంకో మాట కూడా వాడికి తెలియాలి: హిందువు మరో మతంవారిని ఈ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. ఆస్తి హక్కు పోదు. ఎవరో సగం చెప్పి వాణ్ణి భయపెట్టకముందే మొత్తం నువ్వే చెప్పు.

కాగితాల్లో అన్నిటికంటే ఏడిపించేది ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ముందు, ఆధార్‌లో వెనక, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి. నోటీసుకు ముందే సరిచేయించుకో. సాక్షులు ముగ్గురు కావాలి. ఇద్దరే వచ్చి, మూడోవాడు ట్రాఫిక్‌లో చిక్కుకుని, పెళ్ళికూతురు మల్లెపూలు వాడిపోతుండగా గడియారం చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. నాలుగోవాణ్ణి కూడా పిలుచుకో.

ఆ రోజు జరిగేది ఐదు నిమిషాల పని. ముందు ప్రకటన మీద మీరిద్దరూ, సాక్షులూ సంతకాలు చేస్తారు. తరువాత ఒకరితో ఒకరు, నిన్ను చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను, భార్యగా స్వీకరిస్తున్నాను అని పైకి అనాలి. మీకు అర్థమయ్యే ఏ భాషలోనైనా అనవచ్చు. ఆ మాట అంటేనే పెళ్ళి. అధికారి వింటాడు, రాసుకుంటాడు, అంతే. సంతకాలు పెట్టినంత హుషారుగా ఆ మాట అనడానికి చాలామందికి నోరు రాదు. మా పాత అధికారి ఒకాయన కలం పక్కన పెట్టి, “అతనికి వినబడితే చాలదమ్మా, నాకూ వినబడాలి” అనేవారు. నువ్వు తెలుగులోనే అను.

ఇంటికి వచ్చాక జీలకర్ర బెల్లం పెట్టించడానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి గారు తెలుగులోనే పెళ్ళి మంత్రాలు రాసి స్వయంగా పెళ్ళిళ్ళు జరిపించేవారు. మనకు మీ నాన్నమ్మ ఉంది. ఆమె చేయి పడితే చాలు. అబ్బాయి తరఫువాళ్ళు ప్రార్థన చేయిస్తామంటే అదీ ఆ పందిట్లోనే కానివ్వు.

సాక్షుల్లో ఒకడిగా నన్ను రాసుకో. ఆధార్ అసలుది తెస్తాను. ముందురోజు రాత్రికే వచ్చేస్తాను, పొద్దుటి బస్సును నమ్మను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న